విమానం నిలిచే వేళ

కురుక్షేత్ర సంగ్రామం ముగిసిన నాటి ఘట్టం ఒకటి మహాభారతంలో ఉంది. విజయం పొందిన పాండవులు రథాలెక్కి కౌరవ శిబిరానికి చేరారు. అక్కడ శ్రీకృష్ణుడు అర్జునుని వైపు తిరిగి, గాండీవాన్నీ అమ్ములపొదులనూ తీసుకొని ముందుగా రథం దిగవలసిందని చెప్పాడు. అర్జునుడు కారణం అడగకుండా దిగాడు. తరువాత పగ్గాలు విడిచి సారథి కూడా దిగాడు. మరుక్షణంలో ఆ రథం భగ్గుమని మండి బూడిదైపోయింది. ద్రోణుడు, కర్ణుడు ప్రయోగించిన అస్త్రాల వేడి దానిలో అంతవరకు అణగి ఉన్నదని, దిగే క్రమం తారుమారై ఉంటే అర్జునునికి ముప్పు వాటిల్లేదని కథ చెబుతుంది. ఇందులోని భక్తితత్త్వాన్ని అటుంచి, లౌకిక దృష్టితో చూచినా ఒక సత్యం స్పష్టమవుతుంది. వాహనం ఆగినంత మాత్రాన అపాయం తొలగిపోదు. ఆగే వేళకూ, దిగే వేళకూ తగిన క్రమం ఉండాలి.

ఈ సత్యం పల్నాడు జిల్లా శావల్యాపురం ప్రాంతపు రైతుకు తెలియనిది కాదు. బండి ఇంటి ముంగిట ఆగితే, ఎద్దులను కాడి నుండి విప్పే ముందే చక్రానికి రాయి ఆనించడం అక్కడి పెద్దలు పిల్లలకు నేర్పే మొదటి జాగ్రత్త. మిర్చి టిక్కీలు ఎత్తిన లారీ ఇరుకైన వీధిలో వెనక్కు రావలసి వస్తే క్లీనర్ కిందికి దిగి వెనుక నిలబడతాడు. అతడు కేక వేసేదాకా డ్రైవరు బండిని కదపడు. శావల్యాపురం రైల్వే స్టేషన్ గుంటూరు - గుంతకల్లు మార్గంలో ఉంది. నడికుడి - శ్రీకాళహస్తి కొత్త మార్గంలో భాగంగా పిడుగురాళ్ల వైపు నుండి వచ్చే పట్టాలు కూడా ఇక్కడే కలుస్తాయి. సిగ్నల్ పడనిదే ఏ రైలూ అక్కడ అడుగు ముందుకు వేయదు.

బండికీ, లారీకీ, రైలుకూ వర్తించే ఈ నియమం విమానానికి మరింత కఠినంగా వర్తిస్తుంది. రైలును పట్టాలు దారి తప్పనీయవు. లారీ డ్రైవరుకు అద్దాలలో తన బండి వెనుకభాగం కనిపిస్తుంది. నేలమీద నడిచే విమానానికి పట్టాలు లేవు. దాని రెక్కల కొసలు చాలా విమానాలలో పైలట్ కంటికి ఆనవు. ఆకాశంలో గంటకు ఎనిమిది వందల కిలోమీటర్ల వేగంతో సాగిన ఆ యంత్రం చివరి కొన్ని మీటర్ల దూరాన్ని మనిషి నడక వేగంతో, నేలమీది మనుషుల సైగలను నమ్ముకొని దాటుతుంది. ఆ కొన్ని మీటర్లలో పాటించవలసిన జాగ్రత్తలను గురించి తెలుసుకోవడం ఈ పాఠం ఉద్దేశం.

విమానాలు నిలిచే ప్రాంగణం

విమానాశ్రయంలో విమానం దిగే, ఎగిరే బాటను రన్‌వే అంటారు. రన్‌వే నుండి విమానాలు నిలిచే చోటికి తీసుకొనిపోయే దారి టాక్సీవే. ప్రయాణికుల భవనం ముందు విమానాలు నిలిపే విశాలమైన గచ్చు ప్రాంగణం పేరు ఏప్రన్. ఆ ప్రాంగణంలో ఒక్కొక్క విమానానికి కేటాయించిన స్థలాన్ని పార్కింగ్ బే అంటారు.

చూడడానికి ఏప్రన్ ఒక ఖాళీ మైదానంలా ఉంటుంది. నిజానికి విమానాశ్రయం మొత్తంలో అత్యంత రద్దీ గల చోటు అదే. ఒక విమానం వచ్చి నిలువగానే సామాను దించే బండ్లు, ఇంధనపు లారీ, ఆహారం తెచ్చే వాహనం, నీటి బండి, మెట్ల బండి, విద్యుత్తునందించే యంత్రం దానిని చుట్టుముడతాయి. దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే విమానం అర్ధగంట నుండి ముప్పావు గంటలోపు మళ్లీ బయలుదేరవలసి ఉంటుంది. తక్కువ సమయం, ఎక్కువ మంది మనుషులు, బరువైన యంత్రాలు, చెవులు చిల్లులు పడే చప్పుడు అన్నీ ఒకేచోట కలుస్తాయి. దానికి తోడు వేసవిలో గచ్చు నుండి పైకి ఎగసే సెగ, వానాకాలంలో జారే నేల, రాత్రివేళ కళ్లకు కొట్టే దీపాలు పనివారిని పరీక్షిస్తాయి. తొందరపాటుకు కావలసిన కారణాలన్నీ అక్కడ ఉన్నాయి. కనుకనే తొందరపాటుకు తావులేని నియమాలను అక్కడ ఏర్పరచారు.

ఈ నియమాలకు ప్రపంచమంతటా ఒకే పునాది ఉంది. 1944 డిసెంబరు 7న అమెరికాలోని షికాగో నగరంలో అనేక దేశాలు పౌర విమానయానంపై ఒక ఒడంబడిక చేసుకున్నాయి. దాని ఫలితంగా ఏర్పడిన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1947లో పని ప్రారంభించింది. విమానాశ్రయాల నిర్మాణం ఎలా ఉండాలి, నేలమీద ఉన్నవారు పైలట్‌కు ఏయే సైగలు చేయాలి అన్న విషయాలను ఈ సంస్థ ప్రమాణాలుగా నిర్ణయించింది. మన దేశంలో వీటి అమలును పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ పర్యవేక్షిస్తుంది. ప్రమాదాలు, తీవ్రమైన సంఘటనలు జరిగినప్పుడు కారణాలను వెదకడానికి విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ 2012లో ఏర్పడింది. 1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది.

పసుపు గీత, రెక్కల కొస

ఏప్రన్ మీద పసుపు రంగుతో గీసిన గీత ఒకటి పార్కింగ్ బే లోపలి వరకు సాగుతుంది. విమానం ముందు చక్రం ఆ గీత మీదనే నడవాలి. గీత మీద నడిచినంతసేపు రెండు రెక్కల కొసలకూ ఇరుపక్కల ఉన్న విమానాలకూ, స్తంభాలకూ, గోడలకూ నడుమ నిర్ణీతమైన ఎడం ఉంటుంది. మన విమానాశ్రయాలలో తరచుగా కనిపించే బోయింగ్ 737, ఎయిర్‌బస్ ఎ-320 తరగతి విమానాలకు ఈ ఎడం కనీసం 4.5 మీటర్లు ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. సముద్రాలు దాటి పోయే పెద్ద విమానాలకు 7.5 మీటర్లు. బోయింగ్ 737-800 రకపు విమానం ఒక రెక్క కొస నుండి మరొక రెక్క కొస వరకు సుమారు 35.8 మీటర్ల వెడల్పు ఉంటుంది. అంత వెడల్పు గల యంత్రానికి నాలుగున్నర మీటర్ల ఎడం ఏమంత ఎక్కువ కాదు.

మలుపు తిరిగేటప్పుడు చిక్కు మరింత పెరుగుతుంది. పత్తి బోరాలు ఎత్తుగా వేసిన లారీ వీధి మలుపు తిరుగుతున్నప్పుడు ముందు చక్రాలు దారిలోనే ఉన్నా, వెనుక లోడు పక్క ఇంటి చూరును రాచుకొనిపోవడం పల్లెవాసులకు పరిచితమైన దృశ్యం. వెనుకకు వాలిన రెక్కలు గల విమానం తిరిగేటప్పుడు కూడా రెక్క కొస అనుకున్నదానికంటె దూరంగా చుట్టి వస్తుంది. ముందు చక్రం గీత నుండి కొద్దిగా తప్పితే చాలు, అంత దూరాన ఉన్న రెక్క కొస దేనినైనా తాకవచ్చు.

ఇందుకు ఉదాహరణ శావల్యాపురానికి దూరం కాని గన్నవరంలోనే ఉంది. పల్నాడు ప్రాంతీయులు విమానమెక్కడానికి ఎక్కువగా వెళ్లే విజయవాడ విమానాశ్రయం అది. 2021 ఫిబ్రవరి 20న దోహా నగరం నుండి 64 మంది ప్రయాణికులతో వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం అక్కడ క్షేమంగా నేలకు దిగింది. తీరా పార్కింగ్ స్థలం వైపు కదులుతున్న సమయంలో దాని రెక్క ఒక విద్యుద్దీప స్తంభాన్ని ఢీకొన్నది. అదృష్టవశాత్తు ప్రయాణికులకు గాని, సిబ్బందికి గాని హాని కలుగలేదు. వేల కిలోమీటర్ల గగనమార్గాన్ని, అరేబియా సముద్రాన్ని దాటివచ్చిన విమానానికి ఆపద ఎదురైనది గమ్యం కనుచూపు మేరలో ఉన్నప్పుడు.

మరుసటి సంవత్సరం 2022 మార్చి 28న ఢిల్లీలో ఇటువంటిదే మరొకటి జరిగింది. జమ్మూకు బయలుదేరవలసిన స్పైస్‌జెట్ విమానాన్ని పార్కింగ్ స్థలం నుండి వెనక్కు నెడుతుండగా దాని రెక్క ఒక స్తంభానికి తగిలి దెబ్బతిన్నది. ప్రయాణికులను మరొక విమానంలో పంపవలసి వచ్చింది. రాకలోను, పోకలోను చివరి, తొలి మీటర్లే ఎంత సున్నితమైనవో ఈ రెండు సంఘటనలు తెలియజేస్తాయి.

చేతులతో మాట్లాడే భాష

పార్కింగ్ బే ఎదుట మెరిసే రంగు చొక్కా ధరించి, రెండు చేతులలో వెలుగు కర్రలు పట్టుకొని నిలబడే వ్యక్తిని మార్షలర్ అంటారు. ఇంజన్ల హోరులో మాట వినపడదు. కనుక అతడు చేతులతోనే మాట్లాడాలి. ఆ భాషకు దేశభేదం లేదు. దోహా నుండి వచ్చిన పైలట్‌కైనా, సింగపూర్ నుండి వచ్చిన పైలట్‌కైనా గన్నవరంలోని మార్షలర్ సైగ ఒకే అర్థాన్నిస్తుంది.

మోచేతులు వంచి రెండు కర్రలనూ రొమ్ము ఎత్తు నుండి తల ఎత్తు వరకు పైకీ కిందికీ ఆడిస్తే ముందుకు రమ్మని అర్థం. విమానం పైలట్‌కు ఎడమ వైపు తిరగాలంటే మార్షలర్ తన కుడిచేతిని పక్కకు చాచి, ఎడమచేతితో రమ్మన్న సైగ చేస్తాడు. ఆ చేయి ఎంత వేగంగా ఆడితే విమానం అంత చురుకుగా తిరగాలి. చాచిన రెండు చేతులనూ నెమ్మదిగా తల మీదికి తెచ్చి కర్రలను అడ్డంగా కలిపితే ఆగమని అర్థం. అదే సైగను హఠాత్తుగా చేస్తే ఉన్నపళంగా ఆగమని హెచ్చరిక. విప్పిన అరచేతిని భుజానికి పైన ఎత్తి పిడికిలి బిగిస్తే బ్రేకులు వేయమని చెప్పడం.

ఈ చివరి సైగకు సంబంధించిన నియమంలో గమనింపదగిన అంశం ఒకటుంది. పిడికిలి బిగించేటప్పుడు మార్షలర్ పైలట్ కళ్లలోకి చూడాలి. పైలట్ బొటనవేలు ఎత్తి అందుకున్నానని తెలిపేదాకా అక్కడి నుండి కదలరాదు. సంకేతం చేయడంతో పని పూర్తి కాదు. ఎదుటివానికి అది అందినదని రూఢి కావాలి. కొన్ని పెద్ద విమానాశ్రయాలలో మార్షలర్‌కు బదులు గోడ మీద అమర్చిన వెలుగు పలక విమానం ఎంత దూరంలో ఉన్నదో, గీతకు ఏ పక్కకు ఒరిగినదో పైలట్‌కు చూపుతుంది. యంత్రం ఉన్నప్పటికీ, అవసరమైతే దానిని ఆపి వేయడానికి నేలమీద మనిషి కాపలా ఉంటాడు.

ఎర్రదీపం ఆరేదాకా

విమానం గీత చివర ఆగింది. బ్రేకులు పడ్డాయి. చూచేవారికి పని ముగిసినట్లే తోస్తుంది. అయితే ఇంజన్లు ఇంకా తిరుగుతుంటాయి. జెట్ ఇంజన్ ముందుభాగం గాలిని బలంగా లోనికి పీల్చుకుంటుంది. దగ్గరకు వెళ్లిన మనిషినైనా అది లాగివేయగలదు. వెనుక భాగం నుండి వెలువడే వేడిగాలి వాహనాలను సైతం తోసివేయగలదు. చిన్న పట్టణాల మధ్య తిరిగే ఎ.టి.ఆర్. విమానాలకు బయట తిరిగే పంఖా రెక్కలుంటాయి. అవి వేగంగా తిరిగేటప్పుడు కంటికి దాదాపు కనిపించవు.

అందువలన విమానం పైనా, అడుగునా మిణుకు మిణుకుమనే ఎర్రదీపాలను అమర్చారు. వాటిని బీకన్ దీపాలంటారు. ఆ దీపం వెలుగుతున్నంతసేపు ఇంజన్లు తిరుగుతున్నట్లు, లేదా తిరగబోతున్నట్లు భావించాలి. అది ఆరి, ఇంజన్లు నెమ్మదించేవరకు సామాను బండి గాని, మెట్ల బండి గాని దగ్గరకు పోరాదు. చక్రాలకు దిమ్మలు పెట్టేవారు సైతం తమకు నిర్ణయించిన దారినే పోవాలి.

ఈ నియమం ఎందుకు పుట్టిందో 2015 డిసెంబరు 16న ముంబయి విమానాశ్రయంలో జరిగిన దుర్ఘటన తెలుపుతుంది. ఆ రాత్రి హైదరాబాదుకు బయలుదేరుతున్న ఎయిర్ ఇండియా విమానాన్ని పార్కింగ్ స్థలం నుండి వెనక్కు నెట్టి నిలిపారు. నేలమీద నిలిచి విమానాన్ని సాగనంపే విధిలో ఉన్న సాంకేతిక ఉద్యోగి ఒకరు ఇంజన్ దాపున ఉన్నారు. విమానం కదలవచ్చునన్న సంకేతం విషయంలో అపార్థం కలిగిందని అప్పట్లో వెల్లడైంది. ఇంజన్ ఆయనను లోనికి లాగివేసింది. ఆయన అక్కడికక్కడే ప్రాణాలు కోల్పోయారు. లోపల కూర్చున్న ప్రయాణికులు తెలుగు నేలకు చేరవలసినవారు. వారిని క్షేమంగా సాగనంపే పనిలోనే ఒక గృహస్థు తిరిగి ఇంటికి చేరలేకపోయాడు.

2019 జూలైలో కోల్‌కతా విమానాశ్రయంలో నిలిపి ఉన్న స్పైస్‌జెట్ విమానం చక్రాల అర తలుపులు మూసుకొనగా, అక్కడ పనిచేస్తున్న ఒక సాంకేతిక ఉద్యోగి మరణించాడు. నిలిచి ఉన్న విమానమే కదా అన్న ధీమా ఎంత ప్రమాదకరమో ఈ ఘటన బోధిస్తుంది.

దిమ్మలు, శంకువులు, ఇంధనం

ఎర్రదీపం ఆరిన పిదప మొదట జరిగే పని చక్రాలకు దిమ్మలు ఆనించడం. వీటిని చాక్స్ అంటారు. రబ్బరుతో గాని, లోహంతో గాని, కొయ్యతో గాని చేసిన ఈ దిమ్మలు బండి చక్రం కింది రాతికి తోబుట్టువులే. నిండు బరువుతో 79 టన్నుల వరకు తూగే విమానం కూడా చక్రాల కింద ఈ చిన్న దిమ్మలు లేనిదే నిలిచినట్లు లెక్కకు రాదు. దిమ్మలు పెట్టినట్లు మార్షలర్ రెండు చేతులూ తలపైకి చాచి, కర్రల కొసలను లోనికి పొడుస్తూ తాకించి పైలట్‌కు తెలుపుతాడు. పైలట్ అందుకున్నట్లు తెలిపిన తరువాతనే ఆ ఘట్టం ముగుస్తుంది.

తరువాత రెక్కల కొసల దగ్గర, ఇంజన్ల ముందు, తోక దగ్గర నారింజ రంగు శంకువులను నిలుపుతారు. ఇవి వాహనాలు నడిపేవారికి హద్దురాళ్లు. విమానం దగ్గరకు చేరే ప్రతి వాహనమూ నడక వేగంతో రావాలి. చేరే ముందు ఆగి, బ్రేకులు పనిచేస్తున్నవో లేవో చూచుకోవాలి. వెనక్కు నడిపేటప్పుడు దారి చూపే మనిషి తప్పక ఉండాలి. విమానపు పైతొడుగు పలుచని లోహపు రేకు. మెట్ల బండి అంచు తగిలి పడిన చిన్న సొట్టను కూడా ఇంజనీరు పరీక్షించనిదే ఆ విమానం ఎగరరాదు. ఆకాశంలో లోపలి గాలి ఒత్తిడికి ఆ సొట్ట దగ్గర బలహీనత పెరిగే అవకాశముంది. అందుచేత బండి తగిలించినవాడు మౌనంగా ఉండిపోతే, ఆ మౌనం వందలాది ప్రయాణికుల మీద పడుతుంది. తన పొరపాటును వెంటనే చెప్పినవారిని చెప్పినందుకే శిక్షింపరాదన్నది ఆధునిక విమానయాన భద్రతలో ఒక ముఖ్యమైన సూత్రం. భయపడి దాచే అలవాటు కంటె ధైర్యంగా చెప్పే అలవాటు ఎక్కువ ప్రాణాలను కాపాడుతుందని అనుభవం నేర్పింది.

ఇంధనం నింపేటప్పుడు జాగ్రత్త ఇంకా పెరగాలి. గొట్టంలో ఇంధనం వేగంగా పారేటప్పుడు స్థిరవిద్యుత్తు పుడుతుంది. ఒక చిన్న నిప్పురవ్వ కూడా ప్రమాదకరమే. కావున ముందుగా ఇంధనపు లారీనీ, విమానాన్నీ ఒక లోహపు తీగతో కలిపి, రెండింటి మధ్య విద్యుత్ భేదం లేకుండా చేస్తారు. ఆపద వస్తే లారీ నేరుగా ముందుకు వెళ్లిపోయేటట్లు దాని ఎదుటి దారిని ఖాళీగా ఉంచుతారు. పొగత్రాగడం ఆ ప్రాంగణంలో పూర్తిగా నిషిద్ధం.

ఒక మేకు, ఒక కాగితం

ఏప్రన్ మీద పనివారు వరుసగా నడుస్తూ నేలను వెదకుతూ కనిపించడం కద్దు. వారు వెదకేది పోగొట్టుకున్న వస్తువును కాదు. ఊడిన మేకు, సామాను పెట్టె నుండి జారిన తాళం, ప్లాస్టిక్ సంచి, రాతిముక్క వంటి వాటిని ఏరివేస్తుంటారు. ఇంజన్ వాటిని లోనికి పీల్చుకుంటే దాని రెక్కలు దెబ్బతింటాయి. టైరు కింద పడితే టైరు పగులుతుంది.

2000 జూలై 25న పారిస్ నగరంలో ఇందుకు ప్రపంచం భారీ మూల్యం చెల్లించింది. అంతకుముందు ఎగిరిన ఒక విమానం నుండి ఊడిన లోహపు పట్టీ రన్‌వే మీద పడి ఉంది. ఎగరబోతున్న కాంకార్డ్ విమానపు టైరు దాని మీదుగా పోయి పగిలింది. టైరు ముక్క ఇంధనపు తొట్టి మీద బలంగా తాకడంతో ఇంధనం కారి మంటలు చెలరేగాయి. విమానంలోని 109 మంది, నేలమీద నలుగురు మొత్తం 113 మంది మరణించారు. ధ్వనిని మించిన వేగంతో ఎగిరే ఆ విమానానికి కాలమృత్యువు ఒక లోహపు ముక్క రూపంలో నేలమీద పొంచి ఉంది. చీపురు పట్టి ఏప్రన్‌ను శుభ్రం చేసే పనివాని శ్రమ పైలట్ నైపుణ్యానికి ఏమాత్రం తీసిపోనిదని ఈ సంఘటన చాటుతుంది.

బయలుదేరే క్రమం

భవనానికి ముక్కు ఆనించినట్లు నిలిచిన విమానం తనంత తాను వెనక్కు పోలేదు. టగ్ అనే బలమైన బండి దానిని వెనక్కు నెడుతుంది. దీనిని పుష్‌బ్యాక్ అంటారు. నెట్టే సమయంలో ముందు చక్రాన్ని తిప్పే అధికారం పైలట్ నుండి టగ్ నడిపేవానికి మారాలి. లేనిచో ఇద్దరూ చెరొక వైపు తిప్పే ప్రమాదముంది. అందుకోసం ముందు చక్రం దగ్గర ఒక చిన్న మేకును గుచ్చుతారు. దానికి పొడుగాటి ఎర్రని రిబ్బను కట్టి ఉంటుంది. విమానం వెలుపలికి వచ్చి ఆగిన తరువాత నేలమీది ఉద్యోగి ఆ మేకును తీసి, టగ్‌ను, సాటివారిని దూరంగా పంపి, విమానం పక్కకు నడిచి వచ్చి, ఎర్ర రిబ్బనును పైలట్‌కు ఎత్తి చూపుతాడు. మేకు తీసివేశాము, మనుషులందరూ తప్పుకున్నారు, ఇక విమానం నీ అధీనంలో ఉన్నది అని ఆ రిబ్బను చెబుతుంది. పైలట్ దానిని కంటితో చూచి, బదులు సైగ చేసి, ఆ పిమ్మటనే కదలాలి. ముంబయి దుర్ఘటన ఈ చివరి ఘట్టంలోని సంకేతం విలువనే గుర్తుచేస్తుంది.

అనుమతి విషయంలో అపార్థం ఎంతటి వినాశానికి దారితీయగలదో 1977 మార్చి 27న స్పెయిన్ దేశానికి చెందిన టెనెరిఫె దీవిలో ప్రపంచం చూచింది. దట్టమైన మంచులో ఒక విమానం ఇంకా రన్‌వే మీదనే ఉండగా, మరొకటి ఎగిరే అనుమతి లభించకుండానే అదే రన్‌వే మీద పరుగు ప్రారంభించింది. రెండు బోయింగ్ 747 విమానాలు ఢీకొని 583 మంది అసువులు బాశారు. విమానయాన చరిత్రలో ప్రమాదవశాత్తు అత్యధిక ప్రాణనష్టం జరిగినది ఆకాశంలో కాదు, రన్‌వే మీదనే. ఆ తరువాత అనుమతిని తెలిపే మాటలు, వాటిని తిరిగి చెప్పి రూఢి చేసుకొనే పద్ధతి ప్రపంచమంతటా మరింత కట్టుదిట్టమయ్యాయి.

ప్రయాణికుని పాత్ర

భద్రత సిబ్బంది బాధ్యత మాత్రమే అనుకోవడం సరికాదు. విమానం నేలను తాకగానే బెల్టు విప్పి, పైఅరలోని సంచి కోసం లేచి నిలబడే అలవాటు మనవారిలో కనిపిస్తుంది. అప్పటికి విమానం ఇంకా టాక్సీవే మీద కదులుతూ ఉంటుంది. మార్షలర్ అత్యవసరంగా ఆగమని సైగ చేస్తే పైలట్ బ్రేకులను ఒక్కసారిగా వేయక తప్పదు. నిలబడినవారు ముందుకు విసరినట్లు పడతారు. పైఅర నుండి జారిన సంచి కూర్చున్న వృద్ధుల తలపై పడవచ్చు. బెల్టు దీపం ఆరేదాకా కూర్చోవడం సిబ్బంది మీద దయతో చేసే పని కాదు. అది ఆత్మరక్షణ.

ఏరోబ్రిడ్జి లేని చోట ప్రయాణికులు మెట్ల మీదుగా నేలకు దిగి నడవవలసి వస్తుంది. అప్పుడు గీసిన బాట వెంట, సిబ్బంది చూపిన వైపే నడవాలి. రెక్క కింది నుండి అడ్డదారి తీయరాదు. పిల్లల చేతిని విడువరాదు. తొలిసారి విమానమెక్కిన సంబరంలో ఫొటో కోసం వెనక్కు నడవడం, సెల్‌ఫోన్‌లో మాట్లాడుతూ పరధ్యానంగా సాగడం కూడదు. చేతిలోని చాక్లెట్ కాగితం, నీళ్ల సీసా మూత అక్కడ పారవేయడం కంటె మించిన అనాలోచితమైన పని లేదు.

ఆగమనే హక్కు

ఏప్రన్ నియమాలన్నింటిలో గొప్పదొకటి ఉన్నది. అపాయం కనిపించినప్పుడు అత్యవసరంగా ఆగమనే సైగను ఎవరైనా చేయవచ్చు. మార్షలర్ మాత్రమే కాదు, రెక్క కొస వెంట నడిచే సహాయకుడు, సామాను ఎత్తే లోడర్, నిన్ననే ఉద్యోగంలో చేరిన యువకుడు చేతులను తలపై అడ్డంగా కలిపితే పైలట్ ముందు ఆగాలి. కారణం తరువాత తెలుసుకోవచ్చు. కోట్ల రూపాయల యంత్రాన్ని, వేల గంటలు ఎగిరిన పైలట్‌ను ఒక సామాన్యుడు రెండు చేతులెత్తి ఆపగలడు. ఆ సైగ అనవసరమైనదని తరువాత తేలినా, ఆపినవానిని తప్పుపట్టరు. నష్టమైనది రెండు నిమిషాలు మాత్రమే.

సందేహం కలిగినప్పుడు ఆగడం సిగ్గుపడవలసిన విషయం కాదు. వెలుగు కర్రలు కనిపించకపోతే, మార్షలర్ పక్కకు తప్పుకుంటే, గీత మసకబారి ఉంటే పైలట్ విమానాన్ని నిలిపివేయాలి. ఊహతో ముందుకు సాగరాదు. నేలమీది మనిషికి ఆకాశంలోని మనిషి మీద, ఆకాశంలోని మనిషికి నేలమీది మనిషి మీద ఉన్న ఈ నమ్మకమే విమానయానానికి ఆధారం.

నేడు గన్నవరం, శంషాబాద్ విమానాశ్రయాలలో తెలుగు యువతీ యువకులు ఎందరో నేలమీది ఉద్యోగాలలో ఉన్నారు. ఇంటర్మీడియట్ చదివే విద్యార్థులలో కొందరు రేపు ఆ రంగు చొక్కా ధరించవచ్చు. మరికొందరు ఆ విమానాలలో పరదేశాలకు ప్రయాణించవచ్చు. తలుపు తెరుచుకొని బంధువులను కలిసే ఆనందంలో, కింద చక్రం దగ్గర వంగి దిమ్మ పెట్టిన మనిషిని ప్రయాణికుడు చూడకపోవచ్చు. అతడు కూడా ఆ పూట క్షేమంగా ఇల్లు చేరినప్పుడే ఆ ప్రయాణం సుఖంగా ముగిసినట్లు.

ప్రశ్నలు

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. విమానం పార్కింగ్ బేలో నిలిచేటప్పుడు పాటించవలసిన క్రమాన్ని వివరించండి.
2. నేలమీది సంకేతాలలో అపార్థం కలిగితే ఏర్పడే నష్టాన్ని పాఠంలోని సంఘటనల ఆధారంగా తెలపండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. మార్షలర్ చేసే ఏవైనా మూడు సైగలను వర్ణించండి.
2. బీకన్ దీపం ప్రాముఖ్యమేమి?
3. పొరపాటును వెంటనే చెప్పినవారిని శిక్షింపరాదనడంలోని ఔచిత్యాన్ని చర్చించండి.
4. ఏప్రన్ మీద నడిచే ప్రయాణికుడు ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. షికాగో ఒడంబడిక ఎప్పుడు జరిగింది?
2. చాక్స్ అంటే ఏమిటి?
3. పుష్‌బ్యాక్ ముగిసిన తరువాత పైలట్‌కు చూపే వస్తువు ఏది?